ఎడమ కాలికి పదకొండు చుక్కలు

నా ఉద్యోగం నడవలేని వాళ్ళను విమానం దాకా చేర్చడం. శంషాబాద్ విమానాశ్రయంలో వీల్‌చైర్ తోస్తాను. ఎనిమిదేళ్ళుగా ఇదే పని. మొహాలు గుర్తుండవు గాని కాళ్ళు గుర్తుంటాయి. ఎవరైనా కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, నొప్పి ఏ మోకాలిదో, ఏ కాలి మీద బరువు వేయడానికి జంకుతున్నారో చెప్పేస్తాను. ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు కాళ్ళ వైపే చూసుకునే వాళ్ళు తడబడతారు, ఎదురుగా చూసేవాళ్ళు హాయిగా ఎక్కేస్తారు. డ్యూటీలో కొత్తగా చేరినవాళ్ళు ఇలాంటి సంగతులు నన్నే అడుగుతారు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, ఉన్న గొప్పలే చెప్పుకుంటున్నాను.

అలాంటి నేను నా సొంత ఎడమ కాలి సంగతి కనిపెట్టలేకపోయాను. కనిపెట్టింది మా అత్తమ్మ. అదీ ముగ్గుతో.

ముందు ఆట గురించి చెప్పాలి. నేను ఫుట్‌బాల్ ఆడతాను. వయసు ముప్పై రెండు. పుట్టింది రావిర్యాలలో, మెట్టింది సాతంరాయిలో. బడిలో ఉన్నప్పుడు బాగా ఆడేదాన్ని. పెళ్ళయ్యాక మానేసి, నాలుగేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టాను. మా టీములో అందరూ విమానాశ్రయం చుట్టుపక్కల పనిచేసే ఆడవాళ్ళే. సెక్యూరిటీలో చేసేవాళ్ళున్నారు, గోదాముల్లో పెట్టెలు ఎత్తేవాళ్ళున్నారు, రోడ్డు పక్క టీ కొట్టు నడిపే ఆమె మా గోల్‌కీపర్. ఆదివారాలూ, డ్యూటీలు కుదిరిన సాయంత్రాలూ ఊరు దాటాక ఒక బీడు ప్లాటులో ఆడతాం. నాది కుడివైపు అంచు. నేను బంతి తీసుకుని పరుగెత్తుకొస్తుంటే అవతలి వాళ్ళు ముందే రెండడుగులు వెనక్కి వేస్తారు. ఇదీ ఉన్న మాటే.

మా కోచ్ సారు గోదావరి జిల్లాల మనిషి. అత్తాపూర్‌లో ఉంటాడు, ఎక్స్‌ప్రెస్‌వే కింద నుంచి బండి మీద వస్తాడు. అందరినీ అండీ అంటాడు. తిట్టేటప్పుడు కూడా అండీయే. ఆయన ఏదైనా వివరిస్తుంటే నెత్తి మీదుగా విమానం పోయిందనుకోండి, మాట మధ్యలో ఆగి, చెయ్యి గాల్లోనే ఉంచి, అది పోయాక సరిగ్గా అదే మాట నుంచి అందుకుంటాడు. మేం నవ్వు ఆపుకోవడానికి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నట్టు వంగుతాం.

పోయిన వానాకాలంలో నా ఎడమ చీలమండ మడత పడింది. ఆ ఏడాదిలో అది రెండోసారి. మొదటిసారి గుంతలో పడింది కాబట్టి తప్పు గుంతదన్నాను. రెండోసారి గుంత లేదు, రాయి లేదు, ఎవరూ తగల్లేదు. బంతితో పరుగెత్తుతూ లోపలికి తిరగబోయాను, అంతే. చదునైన నేల మీద కాలు తనంతట తానే ఒరిగిపోయింది. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువేసింది.

దవాఖానలో కట్టు కట్టి మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఆ మూడు వారాలూ మా అత్తమ్మే వండింది, ఉతికింది, నల్లా నీళ్ళు పట్టింది, నాకు మంచం దగ్గరికి చాయ తెచ్చింది. ఒక్కమాట అనలేదు. అననందుకే నాకు భయమేసింది. కట్టు విప్పిన రోజు గుమ్మంలో కూర్చుని చెప్పింది.

"ఇగ సూడు పిల్లా. ఆడుకో, నేనొద్దంట లేను. ఇంకొక్కపారి గా కాలు మడత వడ్డదనుకో, నీ బూట్లు పాతసామాన్లోనికి ఏసేస్త. తర్వాత నన్ను బతిమిలాడొద్దు."

"సరే అత్తమ్మా" అన్నాను. వేరే ఏమనగలను? మూడు వారాలు నా బట్టలు ఉతికిన మనిషి.

మళ్ళీ గ్రౌండుకు వెళ్ళిన మొదటి రోజు కోచ్ సారు నన్ను పరుగెత్తనివ్వలేదు. నేల మీద మూడు తాళ్ళు పరిచాడు. ఒకటి ముందుకు, రెండు వెనక్కి చెరో పక్కకూ. చూడ్డానికి పంగల కర్రలా ఉంది. మధ్యలో ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలిని ఒక్కో తాడు వెంబడి ఎంత దూరం చాచగలిగితే అంత దూరం చాచి, వేలి కొసతో తాకి, పడకుండా వెనక్కి రమ్మన్నాడు. ఇదేం పరీక్ష, చిన్నపిల్లల ఆట, అనుకుంటూ నిలబడ్డాను. కుడికాలి మీద బాగానే చేశాను. ఎడమకాలి మీద నిలబడి వెనక్కి చాచేసరికి చీలమండ గజగజా ఊగి చేతులు నేలకు ఆనించాను.

"మీకు పరుగు తక్కువ లేదండీ. తంటా అంతా సమతుల్యత దగ్గరే ఉంది" అన్నాడు సారు.

"అంటే ఏంది సార్?"

"బ్యాలెన్సు."

"ఫోన్లదా సార్?" అంది మా గోల్‌కీపర్. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి, తరవాత నవ్వు ఆపి చెప్పాడు.

"బంతిని కుడికాలితో కొడతారు. కొట్టే క్షణంలో మీ ఒళ్ళంతా ఎక్కడుందండీ? ఎడమకాలి మీద. అది ఊగితే బంతి దారి తప్పుతుంది. పక్కకి తిరిగినా అంతే, ఎగిరి కిందకి దిగినా అంతే. ఆటలో చాలాసేపు మీరు ఒంటికాలి మీదే ఉంటారు, మీకు తెలీదు. ఒకసారి మడత పడ్డ చీలమండకి నొప్పి తగ్గిపోతుంది గాని, తను ఎటు ఒరుగుతోందో చెప్పడం మాత్రం ఆలస్యం చేస్తుంది. అందుకే రెండోసారి రాయి లేకుండానే పడ్డారు."

అప్పుడో విమానం వచ్చింది. చెయ్యి గాల్లో పెట్టుకుని ఆగాడు. పోయాక అసలు మాట చెప్పాడు. దీపావళి దాటాక జిల్లా టీముకు ఎంపిక ఉంది. నన్ను పంపాలని ఆయనకు ఉంది. కాని ఆ రోజు పొద్దున టేపు పెట్టి కొలుస్తాడు. ఎడమకాలు కుడికాలితో సమానంగా రాకపోతే పంపడు.

"పంపి కాలు విరగ్గొట్టుకోమని చెప్పలేనండీ" అన్నాడు.

ముప్పై రెండేళ్ళప్పుడు వచ్చిన పిలుపు ముప్పై మూడుకి మళ్ళీ వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఒకపక్క సారు టేపు, ఇంకోపక్క అత్తమ్మ పాతసామాన్ల మాట. మధ్యలో నా ఎడమ చీలమండ. అది గట్టిపడితే ఆడతాను, లేదంటే నా ఆట అయిపోయినట్టే. అంతకన్నా సూటిగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే లేచి వాకిట్లో ముగ్గు సుద్దతో సారు చూపించిన పంగ గీసుకున్నాను. జుట్టు విరబోసుకునే ఉన్నాను. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాచి, కళ్ళు పెద్దవి చేసుకుని ఎదురుగా చూస్తున్నాను. అప్పుడే పాలు పోసే ఆమె వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. గిన్నె కూడా అడగకుండా పక్కింటికి పోయింది. పది నిమిషాల్లో గల్లీలో ఇద్దరు ముగ్గురు వచ్చి అత్తమ్మను మెల్లగా అడిగారు, ఇంట్లో అందరికీ బాగానే ఉందా, ఎవరి దగ్గరికైనా చూపించారా అని.

అత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. చీపురు తెచ్చి నా పంగను నీళ్ళతో కడిగేసింది.

"మూడు కాళ్ళ ముగ్గు ఎవ్వరన్న ఇంటి ముంగట వెడ్తరా? మంది ఏమో మంత్రాలు జేస్తున్నరనుకుంటున్నరు."

"గది ముగ్గు కాదత్తమ్మా, కొలత."

"కొలతైతే ఇంట్ల గీసుకో."

ఇంట్లో చోటెక్కడిది? మంచం, బీరువా, కుట్టుమిషను పోగా నేను చాప వేసుకుని పడుకునేంత జాగా మిగులుతుంది. మర్నాడు మళ్ళీ వాకిట్లోనే గీశాను. ఆమె మళ్ళీ కడిగింది. మూడో రోజు కూడా అంతే. మేమిద్దరం మొండితనంలో ఒకరికొకరం తీసిపోం. నాలుగో రోజు నేను లేచేసరికి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సాంపి చల్లి ఉంది. గడపకు కుడివైపు ఒక చుక్కల ముగ్గు, ఎడమవైపు ఇంకొకటి ఉన్నాయి. ఒక్కోదాని మధ్యలో పాదం పట్టేంత ఖాళీ వదిలి, అక్కణ్ణుంచి మూడు దిక్కులా చుక్కల వరసలు. వరసల చివర్లు కలుపుతూ తీగలూ ఆకులూ వేసింది. ఎవరు చూసినా ముగ్గే అంటారు. నాకు మాత్రం రెండు పంగలు.

"మీ ఆటల ఎంతమంది ఉంటరు?" అంది గుమ్మంలోంచి.

"పదకొండు మంది."

"గట్లనే వరసకు పదకొండు చుక్కలు వెట్టిన. కుడి దిక్కుది కుడికాలుకు, ఎడమ దిక్కుది ఎడమకాలుకు. గిట్లైతే ఎవ్వరేమనరు."

మా గల్లీలో అత్తమ్మ చుక్కలకు పేరుంది. చెయ్యి వణకదు, దారం పట్టదు, నాలుగు వేళ్ళ ఎడం అంటే నాలుగు వేళ్ళే. స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. పెళ్ళిళ్ళలో వాకిళ్ళు నింపడానికి ఆమెను పిలుచుకుపోతారు. ఆటంటే ఇష్టంలేదు గాని, తన వాకిట్లో ముగ్గు వంకరగా ఉండడం ఆమెకు అంతకన్నా ఇష్టంలేదు. నాకు అప్పటికి అంతే అర్థమైంది.

నెల రోజులు చేశాను. ఒక్కరోజు మానలేదు. కుడికాలి మీద మొదటివారం తొమ్మిది చుక్కలు అందుకున్నాను, తరవాత పది, నెల తిరిగేసరికి పదకొండూ అందాయి. ముందుకు చాచే వరస ఎవరికైనా వస్తుంది, వెనక్కి చాచే వరసల దగ్గరే బండారం బయటపడుతుంది. ఆ వరసల్లోనే నాకు పదకొండు అందాయి. గర్వంగా గ్రౌండుకు పోయి సారుకు చెప్పాను. ఆయన సంతోషించి, ఆ సాయంత్రం నన్ను పరుగెత్తించి, పక్కకి తిరగమన్నాడు. రెండో మలుపులోనే ఎడమకాలు ఊగింది. పడలేదు గాని బంతి వదిలేసి నిలబడిపోయాను.

ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాను. నెల రోజుల కష్టం నీళ్ళపాలయిందనుకున్నాను. అత్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట మీంచి కళ్ళు తీయకుండానే అంది.

"నువ్వు ఎడమ దిక్కు ముగ్గుల నిలబడంగ నేనెప్పుడు సూడలే."

"రోజూ నిలబడ్తున్న గదా."

"ఏడ నిలబడ్తున్నవ్? రోజు కుడికాలుతోటి మొదలువెడ్తవు. ఎడమకాలు వంతు వచ్చెటాల్లకు నల్లా వస్తది. బిందెలు వట్టుకొని ఉరుకుతవు. గా దిక్కు చుక్క ఒక్కటన్న చెరుగలే నెల రోజుల సంది."

కుడికాలు ముందు పెట్టడం చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉన్న అలవాటు. గ్రౌండులోకి కుడికాలు పెట్టే దిగుతాం, డ్యూటీలో గేటు కూడా కుడికాలు పెట్టే దాటుతాను. కొత్తగా ఏది మొదలుపెట్టినా కుడికాలే. మా గల్లీకి నల్లా ఆరున్నరకు వస్తుంది, అరగంటలో పోతుంది. నేను ఆరింటికి కుడికాలు మొదలుపెట్టి, బాగా వస్తోంది కదా ఇంకోసారి, ఇంకోసారి అని చేస్తూ ఉంటే నల్లా వచ్చేది. ఎడమకాలు రేపు చేద్దాం అనుకుంటూ నెల గడిపాను. బాగున్న కాలిని నెల రోజులు మేపి, దెబ్బతిన్న కాలిని పస్తు పెట్టాను. విమానాశ్రయంలో అందరి కాళ్ళూ కనిపెట్టే దాన్ని.

అప్పుడే వాకిట్లోకి వెళ్ళి ఎడమకాలి మీద నిలబడ్డాను. అత్తమ్మ చేట పక్కన పెట్టి వచ్చి చూసింది. ఏడు చుక్కలు. ఎనిమిదోదానికి ఊగి కూలబడ్డాను.

"గా కాలుకు సోయి లేదు బిడ్డా" అంది. "దాని సోయి దానికి లేదు. నొప్పి పోయింది గని సోయి రాలే."

సారు సమతుల్యత అన్నాడు, బ్యాలెన్సు అన్నాడు, చీలమండ ఆలస్యంగా చెబుతుందన్నాడు. అదంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. సోయి అంటే మాకు తెలివీ, ఎరుకా, ఒంటి మీద స్పృహా అన్నీ. కాలు ఎక్కడుందో కాలికే తెలియాలి, నేను చూసి చెప్పేలోపు పడిపోతాను. మర్నాడు సారుకు ఈ మాట చెబితే రెండుసార్లు పలికి చూసుకున్నాడు. ఆ తరవాత గ్రౌండులో సమతుల్యత అనడం మానేసి, "సోయి, సోయి" అని అరవడం మొదలుపెట్టాడు. ఆయన నోట్లో ఆ మాట కొత్త చెప్పుల్లా బిగుతుగా ఉండేది.

ఎంపికకు అయిదు వారాలు ఉన్నాయి. ఇంక మొదట ఎడమకాలే. నల్లా వస్తే కుడికాలు ఆగుతుంది. ఎడమకాలు ముందు పెట్టినందుకు మొదటి రెండు రోజులు నాకే మనసులో పీకింది. ఏడు చుక్కలు ఎనిమిదయ్యాయి, తొమ్మిదయ్యాయి. పాదం కింద నేల తెలియడం మొదలైంది. బొటనవేలు ఒకవైపు నొక్కితే మడమ ఇంకోవైపు సర్దుకోవడం, మోకాలు వంగితే తుంటి ఆదుకోవడం, ఇవన్నీ లోపల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినబడేవి. కాళ్ళు చూసుకోకుండా ఎదురింటి గోడ మీది వాటర్ ట్యాంకును చూస్తూ చేసేదాన్ని. ఎస్కలేటర్ దగ్గర నేను నేర్పే పాఠం చివరికి నాకు పనికొచ్చింది.

ఒకరోజు అత్తమ్మ అంది, "పొద్దుగాల లేసినంక ఎవ్వరైన నిలబడ్తరు. అలసినంక నిలబడు. నాట్లేసే కాడ పొద్దున ఎవ్వరు పడకపోతుండె. పొద్దుగూకంగ నారు మోసుకొని ఒరం మీదికెళ్ళి నడుస్తుంటే అప్పుడు జారుతుండె."

నాట్లంటే ఆమె వయసులో ఉన్నప్పటి మాట. మోకాలి లోతు బురద మడుల మధ్య పాదం పట్టీ పట్టని గట్టు మీద నారుకట్టలు మోసిన మనిషి. ఆ మాట విన్నాక డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి, అలాగే వాకిట్లో నిలబడేదాన్ని. పొద్దంతా వీల్‌చైర్లు తోసిన కాళ్ళు. మొదటి రోజు తొమ్మిది కాస్తా ఆరయింది. సారు కూడా అదే చెప్పాడు, రెండో సగంలో కాళ్ళు అలిసినప్పుడే మడతలు పడతాయని. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. ఇద్దరి మాటా ఒకటే.

తరవాత పది దగ్గర ఆగిపోయాను. రెండు వారాలు పదే. పదకొండో చుక్కకు వేలి కొస ఇంత దూరంలో ఆగిపోయేది. కుడికాలి మీద నిద్రలో లేపినా పదకొండు అందుకునేదాన్ని, ఎడమకాలి మీద ఒళ్ళంతా సాగదీసినా అందదు. ఇంకా వారమే ఉంది. చిరాకులో ఒక పొద్దున నోరు జారాను.

"అత్తమ్మా, నువ్వు చుక్కలు సక్కగనే వెడ్తున్నవా?"

ఆమె చేతిలో చీపురు ఆగింది.

"నా ముగ్గునంటున్నవా?"

అంతే. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళుగా గల్లీ మొత్తం మెచ్చుకున్న చుక్కల్ని అనుమానించాను. చాయ గ్లాసు నా ముందు టప్పుమని పెట్టి పోయింది. రాత్రి నేనే పోయి తప్పయిందన్నాను. అటు తిరిగి పడుకునే, "ముగ్గు మంచిగనే ఉన్నది, నీ కాలు సూస్కో" అంది. నాకు లోపల ఒక అనుమానం ఉండేది, ఈమెకు నేను ఓడిపోవాలనే ఉందని. బూట్లు పాతసామాన్లోకి వేస్తానన్న మాట నేను మరిచిపోలేదు. ఆ కోపంతో మర్నాడు ఇంకా పట్టుదలగా నిలబడ్డాను. ఆడనివ్వని అత్తను గెలవాలన్న కోపం కూడా ఒక బలమే, కాదనను.

ఎంపికకు మూడు రోజుల ముందు, డ్యూటీ నుంచి వచ్చి అలిసిన కాళ్ళతో నిలబడితే పదకొండో చుక్క తగిలింది. వేలికి ముగ్గు అంటింది. పడకుండా వెనక్కి వచ్చాను. గుమ్మంలో అత్తమ్మ ఉంది. చూసింది, లోపలికి పోయింది.

ఎంపిక రోజు పొద్దున కోచ్ సారు టేపు తెచ్చాడు. కుడికాలి మీద కొలిచాడు, రాసుకున్నాడు. ఎడమకాలి మీద కొలిచాడు. టేపు తిరగేసి మళ్ళీ చూశాడు. ఇంకోసారి చేయమన్నాడు. చేశాను. మళ్ళీ అంతే.

"ఎడమకాలు నాలుగు వేళ్ళు ఎక్కువొచ్చిందండీ" అన్నాడు. "నేను సమానం చేయమన్నాను గాని కుడికాలిని దాటించమనలేదే."

టేపు తప్పయి ఉంటుందన్నాను. ఇంట్లో రెండు కాళ్ళకూ పదకొండే కదా. సారు తల అడ్డంగా ఊపి, టేపు తప్పు కాదు, వెళ్ళి ఆడండి అన్నాడు.

ఆడాను. మొదటి సగంలో నాకు పెద్దగా బంతి రాలేదు. రెండో సగం చివర్లో, కాళ్ళు సీసంలా అయ్యాక, అంచున బంతి అందింది. డిఫెండర్ ఎదురొచ్చింది. ఎడమకాలు నాటి లోపలికి తిరిగాను. కాలు కింద మట్టిగడ్డ పగిలింది. చీలమండ బయటికి ఒరగబోయింది, ఆ ఒరగడం నాకు తెలిసింది. నేను అయ్యో అనుకునేలోపే అది తనంతట తానే సర్దుకుంది. బొటనవేలు నేలను పట్టింది, మోకాలు కొంచెం వంగింది, ఒళ్ళు నిలిచింది. కుడికాలితో కొట్టాను. బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోయింది. గోలు కాలేదు. నాకు అణువంత బాధ కూడా లేదు. నా కాలికి సోయి వచ్చింది, ఇక ఎవరేం రాసుకుంటే నాకేం. సాయంత్రం పేర్లు చదివినప్పుడు పదకొండు మందిలో నా పేరు ఉంది.

బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే బుర్రలో ఆ నాలుగు వేళ్ళే తిరిగాయి. ఇంకా వెలుతురుంది. వాకిట్లో పొద్దుటి ముగ్గులు అక్కడక్కడా చెరిగినా చుక్కలు కనబడుతున్నాయి. సంచీ కింద పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాను. కుడివైపు ముగ్గులో రెండు చుక్కల మధ్య నాలుగు వేళ్ళు పెట్టాను. సరిగ్గా పట్టాయి. ఎడమవైపు పెట్టాను. నాలుగు వేళ్ళు పట్టాక గోరంత మిగిలింది. తరవాతి చుక్కకూ గోరంత. పదకొండింటికీ అంతే, ఆ గోరంతలన్నీ కలిపితే సారు చెప్పిన నాలుగు వేళ్ళు. ఎక్కడా వంకర లేదు, తేడా లేదు, ప్రతిదానికీ అదే గోరంత. చెయ్యి వణికి పడ్డ తేడా కాదది.

తలెత్తితే అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎప్పటిసంది?" అన్నాను.

"మొదటి రోజు సంది."

"ఎందుకు?"

ఆమె దాచలేదు. అబద్ధం ఆమెకు చేతకాదు, అలగడం మాత్రం బాగా వచ్చు.

"నువ్వు ఇడిసిపెడ్తవని వెట్టిన. ఎడమకాలుకు అందకపోతే ఇగ నాతోని గాదని నువ్వే బూట్లు పక్కకు వెడ్తవనుకున్న. ఇంకోపారి కాలు ఇరిగి మంచాన వడ్డవంటే నేను సూడలేను బిడ్డా. గందుకే."

"మరి నేను రోజూ నిలబడ్డంక?"

"రోజు నిలబడ్డవు. డ్యూటీకెళ్ళొచ్చి గూడ నిలబడ్డవు. నాకు తక్కువ చేద్దామనిపించింది. చీపురు వట్టుకొని రెండు మూడుపార్లు ఆగిన. మళ్ళ అనుకున్న, దెబ్బ తిన్న కాలు గది, దానికి జర ఎక్కువనే రావాలె. గట్లనే ఉంచిన." కొంగుతో చేతులు తుడుచుకుంది. "సెలక్ట్ అయినవా?"

అయ్యానన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. నన్ను ఆపడానికి పెట్టిన గోరంతే నన్ను నిలబెట్టింది. ఆ సంగతి ఆమెకు నాకన్నా ముందే తెలుసు. ముగ్గు మధ్యలో పాదాల గుర్తుల మీద కూర్చుని ఏడుస్తున్నాను.

"ఏడిస్తే ఏడువు గని," అంది అత్తమ్మ, "జర పక్కకు జరుగు. ఎడమ దిక్కు చుక్కలు చెరుపుతున్నవ్."